చెరువును ఇంగ్లీషులో ‘ట్యాంక్’ అనడం తప్పా? అసలు ఆ మాట ఎక్కడిది?

ప్రశ్న అడిగినవారిది మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లె. తమ ఊరి చెరువు గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసి పంపితే, దిద్దినవారు ‘ట్యాంక్’ అన్న ప్రతిచోటా గీత కొట్టి ‘లేక్’ అని మార్చారట. పైగా, ట్యాంక్ అంటే మిద్దె మీద పెట్టుకునేదని అంచున ఒక వ్యాఖ్య కూడా రాశారట. చెరువును ట్యాంక్ అనడం మన తప్పుడు ఇంగ్లీషా, లేక దానికి ఏదైనా ఆధారం ఉందా అన్నది ప్రశ్న.

తప్పు కాదు. చెరువు అనే అర్థమే ఆ మాటకు ఇంగ్లీషులో మొదటిది. మిద్దె మీది ట్యాంకు, పెట్రోలు ట్యాంకు, యుద్ధ ట్యాంకు, ఇవన్నీ ఆ తరువాత పుట్టినవే. అయితే మీ వ్యాసం ఎవరు చదువుతారన్నదాన్ని బట్టి ఆ మాట ఉంచాలా, వివరించాలా, మార్చాలా అన్నది తేలుతుంది. దిద్దినవారిని పూర్తిగా తప్పు పట్టలేను. కానీ ‘లేక్’ అని మార్చడం మాత్రం నాకు నచ్చలేదు. ఎందుకో చెబుతాను.

నేను నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా అనువాదాలు చేస్తున్నాను. ఎక్కువగా భూమి కాగితాలు, కోర్టు కాగితాలు, విదేశాలకు వెళ్లే పిల్లల ధ్రువపత్రాలు. మధ్యలో ఎప్పుడైనా ఒక కథ. ఈ పనిలో ‘చెరువు’ అన్న మాట నాకు ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు. మన జిల్లాల్లో చెరువో కుంటో తగలని హద్దుల పట్టిక అరుదు.

మొదట పుట్టుక సంగతి. ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దం మొదట్లో సూరత్ వైపు వ్యాపారానికి వచ్చినప్పుడు అక్కడి జనం నోట విన్న మాట ఇది. గుజరాతీలో ‘టాంకు’, మరాఠీలో ‘టాకే’ అంటే నీళ్లు నిలవ చేసుకునే తొట్టి లేదా నేలలో తవ్విన గుంట. రాజస్థాన్ ఎడారి పల్లెల్లో వాన నీళ్లు పట్టి దాచుకునే నేలమాళిగ లాంటి కట్టడాన్ని ఈనాటికీ ‘టాంకా’ అనే అంటారు. 1610ల నాటికే ఈ మాట ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. అప్పటి అర్థం ఒక్కటే: మన దేశంలో తాగడానికో సాగుకో నీళ్లు నిలిపే చెరువు, కోనేరు. ద్రవాలు పోసే పెద్ద పాత్ర అనే అర్థం ఆ శతాబ్దం చివర్లో గానీ రాలేదు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. ఇంగ్లీషువాళ్ల కంటే వందేళ్లు ముందే పోర్చుగీసువాళ్లు మన పడమటి తీరానికి వచ్చారు. 1510లో గోవా వారి చేతికి చిక్కింది. వారి భాషలో ‘తాంకె’ అంటే నీటి గుంట. అది ‘ఎస్తాంకార్’ అనే క్రియ నుంచి వచ్చింది, పారే నీటిని ఆపడం అని దాని అర్థం. కాబట్టి ట్యాంక్ పోర్చుగీసు మాటా, గుజరాతీ మాటా అని నిఘంటువులవాళ్లు చాలాకాలంగా తర్జనభర్జన పడుతున్నారు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి ఇండియాలోని ఇంగ్లీషువాళ్లు వాడే మాటలకు ‘హాబ్సన్-జాబ్సన్’ అనే పెద్ద నిఘంటువు వేశారు. అందులో కూడా ఈ మాటకు ప్రత్యేకంగా చోటు ఉంది, ఈ పేచీ కూడా ఉంది. రెండు భాషల్లో పోలిక ఉన్న రెండు మాటలు ఇంగ్లీషువాడి చెవిలో ఒకటిగా కలిసిపోయాయి అన్నదే నాకు సబబుగా తోస్తుంది. రేవులో పోర్చుగీసువాడి నోట ఒక మాట, ఊళ్లో గుజరాతీ షావుకారు నోట దాదాపు అదే మాట వినిపిస్తే, కొత్తగా వచ్చినవాడు రెండింటికీ వేరు వేరు ఖాతాలు తెరవడు కదా.

మన తెలుగువాళ్లు చాలామంది ‘తటాకం’ నుంచే ‘ట్యాంక్’ వచ్చిందని ఢంకా కొట్టి చెబుతారు. కొంచెం ఆగాలి. సంస్కృత ‘తడాగ’ నుంచి ఆ గుజరాతీ, మరాఠీ మాటలు వచ్చి ఉండవచ్చునని కొన్ని నిఘంటువులు రాస్తాయి, కానీ ముందు ‘బహుశా’ అని తప్పకుండా చేరుస్తాయి. ఆ ‘బహుశా’ను మనం మింగేయకూడదు. వ్యాసంలో మీరు ఈ సంగతి రాయదలిస్తే గుజరాతీ, మరాఠీ, పోర్చుగీసు మాటల దగ్గర ఆగండి. అంతవరకు నేల గట్టిగా ఉంది.

దీనికంటే నాకు ముచ్చటగా అనిపించేది మన సొంత మాట సంగతి. పాత పుస్తకాల్లో ‘చెఱువు’ అని బండి ఱతో రాసేవారు. జైలు అనే అర్థంలో ‘చెఱ’ కూడా బండి ఱతోనే. ద్రావిడ భాషల పండితులు ఈ రెండింటినీ ఒకే ధాతువు కింద చేర్చారు, అడ్డగించడం, నిలిపి ఉంచడం అనే అర్థంతో. కన్నడంలో ‘కెరె’ మన చెరువుకు తోబుట్టువే. అంటే చెరువు అంటే చెర పట్టిన నీరు. పోర్చుగీసు ‘తాంకె’ కూడా ఆపిన నీరే. వేల మైళ్ల ఎడంలో ఉన్న రెండు జాతులు నీళ్ల కుంటను చూసి ఒకే తీరుగా పేరు పెట్టాయన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజున నేను చేతిలో ఉన్న పని పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాను.

ఇప్పుడు ‘లేక్’ నాకు ఎందుకు నచ్చదో చెబుతాను.

లేక్ అనగానే ఇంగ్లీషు చదివేవాడి కంటికి కట్టేది ప్రకృతి సిద్ధంగా ఏర్పడిన సరస్సు. చుట్టూ కొండలు, చెట్లు, మధ్యలో నీళ్లు, ఒక పడవ. మన చెరువు అది కాదు. అది మనుషులు కట్టిన పని. వాగుకు అడ్డంగా మట్టి పోసి, రాయి పేర్చి కట్ట వేశారు. కట్ట కింద నీళ్లు వదలడానికి తూము పెట్టారు. నిండి పొంగితే కట్ట తెగకుండా ఒక చివర మత్తడి కట్టారు. మా వైపు దాన్నే అలుగు అని కూడా అంటాం. తూము కింద పారే పొలం అంతా ఆయకట్టు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడడానికి పూర్వం ఊరికి ఒక నీరటికాడు ఉండేవాడు. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి, ఇలా గొలుసుకట్టుగా ఊరి తరువాత ఊరు. వీటిలో ఏ ఒక్కటీ ‘లేక్’ అనే మాటలో లేదు. ‘ట్యాంక్’ అంటే కనీసం, ఇది కట్టినది, నీళ్లు నిలపడానికి కట్టినది అన్నంత వరకైనా చేరుతుంది.

‘పాండ్’ అంటే చిన్నది, ఇంటి వెనక బాతులు ఈదే మడుగు. మన కుంటకు ఒక్కోసారి సరిపోతుంది గానీ వందల ఎకరాలు పారించే పెద్ద చెరువుకు ఆ మాట వాడితే చెరువు చిన్నబుచ్చుకుంటుంది. ‘రిజర్వాయర్’ అంటే ప్రాజెక్టుల భాష. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి వాటికి అది సరైన మాట.

ప్రభుత్వ భాషలో ఈనాటికీ ట్యాంక్ నిలిచే ఉంది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ‘మిషన్ కాకతీయ’ పేరుతో చెరువుల పూడికతీత మొదలుపెట్టినప్పుడు, తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటలను ఇంగ్లీషు కాగితాల్లో ట్యాంకులనే రాశారు. రెండు వేల హెక్టార్ల లోపు ఆయకట్టు ఉన్నవి చిన్న నీటి వనరుల లెక్కలోకి వస్తాయి. ఈ మధ్య పేపర్లు చదివే ప్రతివారి నోటా ‘ఎఫ్‌టీఎల్’ అనే మాట నానుతోంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ మట్టం అది. ఆ మూడు అక్షరాల నడుమ ఉన్న ‘టీ’ మన ట్యాంకే. శ్రీలంకలో కూడా ‘వేవ’ అనే వారి చెరువులను ఇంగ్లీషులో ట్యాంక్ అంటారు. మీ వ్యాసం దిద్దినవారు అమెరికాలో ఉంటే, టెక్సాస్‌లో పశువుల కోసం తవ్విన నీటి గుంటను అక్కడి రైతులు ఏమంటారో ఒకసారి అడగమనండి. వాళ్లూ ట్యాంక్ అనే అంటారు.

అయినా ఈ మాట ప్రమాదకరమైనదే. ప్రమాదం ఇంగ్లీషులో కంటే తెలుగులో ఎక్కువ. నేను దెబ్బ తిన్న సంగతి ఒకటి చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం, విదేశంలో స్థిరపడిన ఒకాయన ఊళ్లో తన వాటా భూమి అమ్మే అధికారం తమ్ముడికి ఇస్తూ అక్కడి నుంచి ఒక కాగితం పంపారు. ఇంగ్లీషు కాగితం. భూమి హద్దుల దగ్గర తూర్పున ‘ట్యాంక్’, పడమర దారి, ఉత్తరాన, దక్షిణాన ఎవరెవరివో పట్టాలు. దాన్ని చూసి ఇక్కడ తెలుగులో అమ్మకం దస్తావేజు తయారుచేశారు. టైపు చేసిన అబ్బాయి పట్నంలో పెరిగినవాడు. ‘తూర్పు: నీళ్ల ట్యాంకు’ అని కొట్టాడు. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. తెలుగు ప్రతిని ఇంగ్లీషుతో సరిపోల్చి సంతకం పెట్టింది నేనే. ఇంగ్లీషులో ట్యాంక్ ఉంది, తెలుగులో ట్యాంకు ఉంది, కన్ను సాఫీగా దాటిపోయింది.

కొన్నవారు కొలతకు వెళ్లారు. ఆ ఊళ్లో నీళ్ల ట్యాంకు ఉంది, నాలుగు కాళ్ల మీద నిలబడి, బడి పక్కన. భూమి దానికి పడమర ఉండాలి కదా అని టేపు పట్టుకుని అటు నడిచారు. అక్కడ వేరే ఆయన కంది చేను. ఆయన కర్ర తీసుకుని వచ్చాడు. సాయంత్రానికి నాకు ఫోను. మరునాడు పొద్దున బస్సు ఎక్కి వెళ్లాను. చెరువు కట్ట మీద మర్రి కింద కూర్చున్న ఒక ముసలాయనను అడిగితే, కాగితం చదివించుకుని, నీళ్లు లేని చెరువు వైపు చేయి చూపి, “ట్యాంకు మొన్న వచ్చింది సార్, భూమి తాతల నాటిది. ఇదే తూర్పు” అన్నాడు. నిజమే. ఆ భూమి హద్దులు రాసిన నాటికి ఆ ఊళ్లో కాళ్ల మీద నిలబడ్డ ట్యాంకే లేదు. సవరణ దస్తావేజు రాయించి, అందరి సంతకాలు మళ్లీ తెప్పించి, ఆ గొడవ సర్దుకునేసరికి రెండు నెలలు పట్టింది. నా రుసుము నేను తీసుకోలేదు. తీసుకునే ముఖం లేదు.

ఆనాటి నుంచి నా బల్ల మీద ఒక నియమం ఉంది. ఇంగ్లీషు కాగితంలో ట్యాంక్ కనిపిస్తే, అది ఏ సంవత్సరపు కాగితమో, ఏ ఊరో చూడకుండా తెలుగులో రాయను. పాతదైతే నూటికి తొంభై పాళ్లు చెరువు. పట్నం ఇంటి కాగితమైతే మిద్దె మీది ట్యాంకు. అనుమానం వస్తే ఊరి నక్షా తెప్పించి చూస్తాను, లేదా ఫోను చేసి అడుగుతాను. అడగడం సిగ్గు కాదు.

హద్దుల దగ్గరే ఇంకొక మాట ఉంది, అది కూడా మీ వ్యాసానికి పనికి రావచ్చు. మన రెవెన్యూ కాగితాల్లో ‘శిఖం’ అని ఉంటుంది. చెరువు నిండితే మునిగే లోపలి భూమి అది. చాలామంది దీన్ని సంస్కృత ‘శిఖ’తో ముడిపెట్టి చెరువు పైభాగం అనుకుంటారు. ఒక కుర్రవాడు ఇంగ్లీషులోకి ‘శిఖరం’ అనే అర్థంలోనే మార్చేశాడు కూడా. నిజానికి అది నిజాం కాలపు పారసీ, ఉర్దూ కాగితాల మాట, ‘షికం’. పారసీలో షికం అంటే కడుపు. ‘షికం తాలాబ్’ అంటే చెరువు కడుపు. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయి పగుళ్లు వచ్చిన చెరువు మధ్య నిలబడి చుట్టూ చూసినవారికి ఆ పేరు పెట్టిన మున్షీ ఎంత సరిగా చూశాడో అర్థమవుతుంది. ఇంగ్లీషులో దాన్ని ‘ట్యాంక్ బెడ్’ అని రాస్తారు. కడుపు కాస్తా పడక అయింది. వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి నేనూ అదే రాస్తాను, మనసు ఒప్పకపోయినా.

ఇక ఇంగ్లీషు చదివే పరాయివారితో వచ్చే చిక్కు. మా దగ్గరి ఒక పల్లెలో ఒక పెద్దాయన బర్రెలను కడగడానికి చెరువులో దిగి మునిగి చనిపోయారు. కొడుకు విదేశంలో ఉద్యోగం. అక్కడి బీమావారికి పంపడానికి కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. ‘గ్రామ ట్యాంకులో మునిగి’ అని రాశాను, మన అలవాటు ప్రకారం. నెల తరువాత అక్కడి నుంచి ప్రశ్నలు వచ్చాయి. ట్యాంకు ఎన్ని లీటర్లది? ఎవరి ఆస్తి? మూత ఉందా? దాని పైకి ఎక్కడానికి ఆ వయసు మనిషికి పని ఏమిటి? తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న ఆ అబ్బాయి ఆ కాగితం నా ముందు పెట్టి ఒక్క మాట కూడా అనలేదు. నేను ఒక పేజీ వివరణ రాసి ఇచ్చాను: ఇది నేల మీద మట్టి కట్ట వేసి, పొలాలకు నీళ్లు పెట్టడానికి కట్టిన జలాశయం, విస్తీర్ణం ఇన్ని ఎకరాలు, ఊరి ఉమ్మడి సొత్తు, పశువులను అందులో కడగడం మామూలు. ఆ పేజీలో ‘లేక్’ అనే మాట కూడా ఒకచోట వాడాను. అవును, ఇప్పటిదాకా నచ్చదు అంటున్న మాటే. చదివేవాడికి అర్థం కావడం మన పంతం కంటే ముఖ్యమైన సందర్భాలు ఉంటాయి.

అందుకే మీకు నా సలహా ఇది. వ్యాసంలో మొదటిసారి ఆ మాట వచ్చిన చోటే ఒక వాక్యంలో వివరించండి: కట్ట వేసి వాన నీటిని నిలిపి పొలాలకు పారించే చెరువు, ఇండియా ఇంగ్లీషులో దీన్ని ట్యాంక్ అంటారు అని. ‘ఇరిగేషన్ ట్యాంక్’ అని జంటగా రాస్తే ఇంకా మంచిది, అప్పుడు మిద్దె మీది ట్యాంకు ఎవరికీ గుర్తుకు రాదు. ఆ తరువాత వ్యాసమంతా ట్యాంక్ అని ధైర్యంగా రాసుకోండి.

కథ, జ్ఞాపకం అయితే వేరే దారి. అక్కడ నేను ‘చెరువు’ అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచేస్తాను. బతుకమ్మ గురించి ఒక అమ్మాయి తన పిల్లల బడికి ఇంగ్లీషులో కరపత్రం రాసి నాకు చూపించింది. తొమ్మిదో రోజు పూలను ట్యాంకులో వేస్తాం అని ఉంది. చదివిన తెల్లదొరసాని ఒకావిడ, తాగే నీళ్లలో పూలు వేయడం ఆరోగ్యానికి మంచిదేనా అని ఎంతో మర్యాదగా అడిగిందట. అక్కడ ‘చెరువు’ అని ఉంచి, పక్కన నాలుగు ముక్కలు వివరణ రాయించాను. సామెతల్లో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ‘చెరువు నిండితే కప్పలు చేరతాయి’ అన్న దాంట్లో ట్యాంకు పెట్టి చూడండి. కప్పలు మిద్దె ఎక్కుతాయి.

యుద్ధ ట్యాంకుకు, నీళ్లకు సంబంధం ఏమిటని మీరు చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా వేశారు. ఉంది, అది చక్కని కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో బ్రిటన్ నౌకాదళ శాఖ, చర్చిల్ హయాంలో, కందకాలను దాటి వెళ్లే ఉక్కు బండ్ల కోసం ఒక కమిటీ వేసింది. దాని పేరు ‘ల్యాండ్‌షిప్స్’ కమిటీ, అంటే నేల ఓడలు. లింకన్ పట్టణంలోని కర్మాగారంలో బండ్లు తయారవుతున్నాయి. ఆ పేరు బయటికి పొక్కితే శత్రువుకు గుట్టు తెలిసిపోతుంది. అందుకని ఇవి నీళ్లు మోసే బండ్లు అని పుకారు పుట్టించారు. నీటి పాత్రలకు ఇంగ్లీషులో ఉన్న పేర్లన్నీ వరసగా పరిశీలించి, సిస్టర్న్, రిజర్వాయర్ లాంటివి పక్కన పెట్టి, ఒక్క అక్షరపు పలుకుతో నోట నిలుస్తుందని 1915 డిసెంబరులో ‘ట్యాంక్’ ఖాయం చేశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ రణరంగంలో అవి మొదటిసారి కదిలాయి. గుట్టు రట్టయింది, పేరు మాత్రం అతుక్కుపోయింది. అబద్ధంగా పెట్టిన పేరు ప్రపంచంలో చాలా భాషలకు పాకింది. గుజరాత్ ఇళ్లలో నీళ్ల తొట్టి పేరు సోమ్ బురదలో ఫిరంగుల మధ్య తేలింది.

మిగిలిన వాడుకలు త్వరగా చెప్పేస్తాను. ‘థింక్ ట్యాంక్’ అంటే మొదట్లో మనిషి బుర్ర అని వేళాకోళపు అర్థం, మేధావుల సంస్థ అనే అర్థం 20వ శతాబ్దం మధ్యలో స్థిరపడింది. ‘ట్యాంక్ టాప్’ అనే చేతుల్లేని బనియను పేరు ఈత కొలను నుంచి వచ్చింది, అమెరికాలో ఈత కొలనును కూడా ట్యాంక్ అనేవారు, అందులో వేసుకునే దుస్తులు అవి. షేర్ల ధర కుప్పకూలితే ‘ట్యాంక్ అయింది’ అంటారు. దీని మూలం ముష్టియుద్ధంలో డబ్బు తీసుకుని కావాలని ఓడిపోవడం. కొలనులోకి దూకినట్టు నేల మీద పడిపోవడం అన్నమాట. ఇంత చెప్పాను కాబట్టి ఒక హెచ్చరిక: ‘ట్యాంకర్డ్’ అనే మూత ఉన్న మద్యం గ్లాసు ఈ కుటుంబానిది కాదు. అది ఇంగ్లీషులోకి మన ట్యాంక్ కంటే మూడు వందల ఏళ్లు ముందే చేరింది. పోలిక చూసి చుట్టరికం కలపకూడదు.

ఆ ఇంగ్లీషు మాట మళ్లీ మన ఊళ్లకు కొత్త వేషంలో వచ్చింది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు. దాని కట్టను ఇంగ్లీషులో ‘ట్యాంక్‌బండ్’ అన్నారు. బండ్ అన్నది కూడా మన దేశం మీదుగా వెళ్లిన మాటే, పారసీ, ఉర్దూల్లోని ‘బంద్’, కట్టడం, ఆపడం అని అర్థం. చైనాలోని షాంఘై నది ఒడ్డుకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన ‘బండ్’ పేరు కూడా ఇక్కడి నుంచి మోసుకుపోయిందే. ఇప్పుడు మహబూబ్‌నగర్ పెద్ద చెరువు కట్టకు దీపాలు, రెయిలింగు పెట్టి ‘మినీ ట్యాంక్‌బండ్’ అని పేరు పెట్టారు. సూర్యాపేట సద్దుల చెరువుదీ అదే దారి. మొన్న ఒకాయన ‘ట్యాంక్‌బండ్ కట్ట మీద కలుద్దాం’ అన్నారు. చెరువు కట్ట కట్ట మీద అన్నట్టే. నేను దిద్దలేదు. దిద్దితే ఆ సాయంత్రం నడకకు తోడు దొరకదు.

ఇంకొక చిన్న సంగతి. మీ చెరువు పేరు మీరు రాయలేదు. పేరు ఉంటే దాన్ని మాత్రం అనువదించకండి. మా పానగల్లులో కందూరు చోడుల కాలపు ఉదయసముద్రం ఉంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు అందులో నిలుస్తున్నాయి కాబట్టి ఇంగ్లీషు కాగితాల్లో అది ట్యాంక్ స్థాయి దాటి రిజర్వాయర్ అయింది. ఒక పత్రికకు పంపిన వ్యాసంలో ఎవరో దాన్ని ‘రైజింగ్ ఓషన్’ అని మార్చారు. నల్లగొండకు సముద్రం ఎప్పుడు వచ్చిందని సంపాదకుడు నాకు ఫోను చేసి అడిగారు. సముద్రం, సాగర్ అనేవి పెద్ద చెరువుకు మనవాళ్లు గౌరవంగా తగిలించే తోకలు. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన ట్యాంక్ అని చేర్చితే సరిపోతుంది. కుంట అయితే కుంట అనే ఉంచండి. దిద్దినవారు మళ్లీ గీత కొడితే ఆ అంచు వ్యాఖ్యను ఇక్కడ పెట్టండి, దానికి ఏం జవాబు రాయాలో చూద్దాం.